నీళ్ళలో తిట్లుండవు

ఒత్తిడి తగ్గించుకోవడం ఎలాగో చెప్పడానికి మా ఆఫీసుకి ఒకావిడ వచ్చింది. షిఫ్టు మొదలవడానికి గంట ముందే రమ్మని మమ్మల్నందర్నీ మీటింగు గదిలో కూర్చోబెట్టారు. ఆ గంటకి జీతం లేదు. ఆవిడ తెర మీద నురగలో నవ్వుతున్న ఓ పాప బొమ్మ వేసి, "సాయంత్రం పూట పిల్లలకి స్నానం చేయించడం వాళ్ళకే కాదు, మీకూ ఎంతో హాయి" అని తీయగా మొదలుపెట్టింది. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలట. మాటలు మెల్లగా ఉండాలట. ఆ నీళ్ళ చప్పుడుకి పిల్లలు నెమ్మదిస్తారట, తల్లుల భుజాల మీది బరువు దిగిపోతుందట.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ చెప్పింది అబద్ధమని కాదు, ఆ సంగతి ఆవిడకంటే నాకే బాగా తెలుసు కనక. నన్ను సాయంత్రం షిఫ్టులో పడేసి నా కొడుకు స్నానాన్ని నా చేతుల్లోంచి లాక్కున్న ఆఫీసే, మనిషిని పిలిపించి మరీ ఆ స్నానం ఎంత గొప్పదో నాకు పాఠం చెప్పిస్తోంది.

"ఎవరికైనా సందేహాలున్నాయా?" అంది ఆవిడ చివర్లో.

"ఉందండీ. సాయంత్రం షిఫ్టు వాళ్ళు ఎవరి పిల్లలకి చేయించాలి?" అన్నాను.

గదంతా గొల్లుమంది. మా సూపర్‌వైజర్ మాత్రం నవ్వలేదు. "మీరు బయట కలవండి" అన్నాడు. కలిశాను. క్షమాపణ చెప్పాను. అది చెప్పడం నాకు కొత్త కాదు, నా ఉద్యోగమే అది.

ఫ్రిజ్‌లు, బట్టలుతికే మిషన్లు అమ్మే కంపెనీలో ఫిర్యాదుల విభాగం మాది. హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంటే చాలు, ఊళ్ళో వాళ్ళ కోపమంతా వచ్చి చెవుల్లో పడుతుంది. ఒకాయన ఇంటర్వ్యూకి వేసుకోవాల్సిన చొక్కా మిషన్లో ఇరుక్కుందట, తలుపు తెరుచుకోవడం లేదట. "నువ్వే వచ్చి పళ్ళతో లాగు" అన్నాడు. ఇంకొకామె ఫ్రిజ్ పాడయిందని మా అమ్మానాన్నల పెంపకం దాకా వెళ్ళింది. నేనేమనాలి? "మీకు కలిగిన ఇబ్బందికి క్షమించండి మేడమ్" అనాలి. ఫోను వాళ్ళు పెట్టేయొచ్చు, మేం పెట్టకూడదు. గొంతు పెంచకూడదు. పైగా గొంతులో చిరునవ్వు వినబడాలట. సాయంత్రానికి ఆ చిరునవ్వు గొంతులోనే కుళ్ళి విషమైపోతుంది. ఇంటికొచ్చాక ఎవరైనా "ఏంటి, లేటయిందే?" అన్నా మీదపడి రక్కాలనిపిస్తుంది.

అదంతా దిగేది ఒక్క చోటే, మా స్నానాల గదిలో. అక్కడ నీలం రంగు ప్లాస్టిక్ తొట్టి ఒకటుంది. బట్టలు నానబెట్టడానికని కొన్నాం గానీ కప్పగాడు అందులో కాపురం పెట్టేశాడు. కప్పగాడంటే మా అబ్బాయి. నీళ్ళు కనబడితే దూకుతాడు, బయటికి రారా అంటే బెకబెకమంటాడు, అందుకని వాళ్ళ నాన్నే పెట్టాడు ఆ పేరు. ఇప్పుడిప్పుడే బడికి వెళ్తున్నాడు. వాడు తొట్టిలో కూర్చుంటే నేను చిన్న స్టూలు వేసుకుని నా పాదాలు కూడా అందులోనే పెట్టేదాన్ని. సబ్బు వాసన, ఆవిరి పట్టిన అద్దం, వాడి చిన్న వీపు. అప్పుడు నిజంగానే నా భుజాలు దిగేవి.

మా నీళ్ళకి ఒక రూలు ఉంది. ఒకసారి ఇంటి తాళంచెవి పోయింది. సోఫా కింద, చెత్తబుట్టలో, బూట్లలో అంతా వెతికాం. మర్నాడు వీపు రుద్దుతుంటే, "అమ్మా, తాళంచెవికి ఈత వచ్చో రాదో చూద్దామని తూములో వేశాను" అన్నాడు కప్పగాడు. ఇంకెక్కడైనా చెప్పి ఉంటే ఆ వీపు విమానం మోత మోగిపోయేది. ఆ పూట నాకు అరిచే ఓపిక లేదు, నీళ్ళు వెచ్చగా ఉన్నాయి. "నీళ్ళలో చెప్పావు కాబట్టి బతికిపోయావు పో" అన్నాను.

ఏదో నోటికొచ్చింది అన్నాను. వాడు దాన్ని శాసనం చేసుకున్నాడు. అప్పట్నుంచి చెప్పవలసినవన్నీ దాచిపెట్టుకుని, తొట్టిలో కూర్చున్నాక, "నీళ్ళలో తిట్లుండవుగా?" అని ఒకసారి ఖాయం చేసుకుని మరీ విప్పేవాడు. గోడ మీద గీతలు, పక్కవాణ్ణి కొరకడం, పాలు పూలకుండీలో పొయ్యడం, ఒకటా రెండా! నాకు పీకలదాకా కోపం వచ్చేది. అయినా మాటంటే మాటే. వాడు అన్నీ చెప్పేసి తేలికపడి, తల నా మోకాలికి ఆనించి, అలాగే నిద్రలోకి జారేవాడు.

"రూలు ఇద్దరికీ" అన్నాడు ఒకరోజు. "నువ్వూ చెప్పు." సరేనని ఫోన్లో ఎవరెవరు ఎలా తిట్టారో చెప్పేదాన్ని. మిషన్లో చొక్కా కథకి పడీపడీ నవ్వాడు. చెప్పడం అయ్యాక మగ్గుతో నా పాదాల మీద నీళ్ళు పోసి, "కోపం కారిపోయిందా?" అని అడిగేవాడు. నిజం చెప్పొద్దూ, కారిపోయేది. ఇక ఆఫీసు సంగతులతో ఎందుకు ఆగుతాను? ఇంటి సంగతులూ మొదలుపెట్టాను. వినేది వాడొక్కడేగా. బయట ఎవరికీ చెప్పకూడదు సుమా అని మాత్రం అనేదాన్ని.

ఇంటి సంగతులంటే మా వదిన. మా ఆయనకి అక్క. ఏళ్ళ తరబడి ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేసింది. ఉద్యోగం అయిపోయి, అక్కడి క్వార్టరు ఖాళీ చేయమన్నాక, అద్దెకి గది దొరికేదాకా అని మా ఇంటికొచ్చింది. మోకాలు అరిగింది కాబట్టి మెట్లెక్కని గది కావాలి. అలాంటి గది ఎంతకీ దొరకడం లేదు. మనిషి హాస్టల్ వదిలింది గానీ హాస్టల్ మనిషిని వదల్లేదు. చెప్పులు వరసలో ఉండాలి. అన్నం దగ్గర మాటలుండకూడదు. మేం వెనక్కి తిరిగేలోపు లైటు ఆర్పేస్తుంది. అన్నిటికన్నా నాకు చిర్రెత్తించేది, మేం స్నానాల గదిలో ఉండగా గరిటె పట్టుకొచ్చి తలుపు మీద టకటక కొట్టడం.

"అయిందా? తర్వాతివాళ్ళు ఉన్నారు!"

ఎవరున్నారు? ఎవరూ లేరు. మా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, అప్పటికే స్నానం చేసి కునుకు తీస్తుంటాడు. ఆయనతో చెప్తే, "అలవాటైపోయింది పాపం, చూద్దాంలే" అంటాడు. ఆయన నోట "చూద్దాంలే" తప్ప ఇంకో మాట రాదు. లిఫ్టులో ఇరుక్కున్న వాళ్ళతో కూడా అదే అంటాడేమో.

వదిన వచ్చిన కొన్నాళ్ళకే నాకు ఆ సాయంత్రం షిఫ్టు పడింది. కప్పగాడి స్నానం వదిన చేతికి వెళ్ళింది. "నువ్వేం బెంగపడకు అమ్మాయ్, హాస్టలు హాస్టలంతటికీ నీళ్ళు పోయించినదాన్ని" అంది. నేను ఇంటికొచ్చేసరికి వాడు నిద్రపోయి ఉండేవాడు. వదిన మాత్రం అన్నం మూతపెట్టి, కూర వేడిచేసి ఇచ్చి, ఒక్క మాటైనా లేకుండా తన గదిలోకి వెళ్ళిపోయేది. అంతకుముందు ఆవిడ నోటికి తాళం వెయ్యలేక చచ్చేవాళ్ళం. ఇప్పుడీ మౌనం ఏమిటో అనుకున్నాను. హమ్మయ్య అని కూడా అనుకున్నాను.

చివరికి పాత షిఫ్టు తిరిగొచ్చింది. ఆ సాయంత్రం ఎగురుకుంటూ ఇంటికొచ్చాను. నీళ్ళు కలిపి, స్టూలు వేసుకుని, కప్పగాణ్ణి తొట్టిలోకి దింపాను. వాడు కూర్చున్నాడు. కళ్ళు గట్టిగా మూసుకుని రెండు చేతులూ పైకెత్తాడు. సబ్బు రాశాను. వీపు తిప్పాడు. మళ్ళీ రాశాను.

"ఏం కబుర్లు రా?"

"ఏం లేవు."

"బడిలో ఏం చేశావు?"

"అన్నీ బాగున్నాయి." బ్యాంకులో గుమాస్తాలా అన్నాడు. "అయిపోయింది. లేవనా?"

నా పాదాలు తొట్టిలో పెట్టడానికి కూడా టైమివ్వలేదు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. అలిగాడేమో, నేను లేనని కోపమేమో అని సరిపెట్టుకున్నాను. నా కోపం మాత్రం ఇంటికి వచ్చినది వచ్చినట్టే ఉండిపోతోంది. మా ఆయన మీద, గిన్నెల మీద, తలుపుల మీద విరుచుకుపడుతున్నాను.

అప్పుడు బడి నుంచి టీచరు ఫోన్ చేసింది. పెద్ద తరగతి పిల్లలెవరో కప్పగాడి భోజనం డబ్బా లాక్కుంటున్నారట. వాడు మధ్యాహ్నం పస్తుంటున్నాడట. ఆయా చూసి చెప్పేదాకా ఆవిడకీ తెలియదట. "మీకు ఇంట్లో చెప్పలేదాండీ?" అని అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. గోడ మీద గీత గీసినా చెప్పే పిల్లాడు, ఆకలితో మాడుతూ నాకు చెప్పలేదు. ఇది చెప్పనివాడు రేపు ఇంకేది చెప్తాడు? వాణ్ణి ఎవరేం చేసినా నాకెలా తెలుస్తుంది?

ఆ సాయంత్రం వాడు తొట్టిలో చేతులెత్తుకుని కూర్చోగానే అడిగేశాను. "డబ్బా సంగతి నాకెందుకు చెప్పలేదురా?"

వాడు నీళ్ళకేసి చూశాడు.

"నీళ్ళలో చెప్తే కొడతారు" అన్నాడు.

"ఎవర్రా కొట్టింది?"

"అత్త."

అరికాలి మంట నెత్తికెక్కింది. వాణ్ణి తువ్వాలులో చుట్టి మంచం మీద కూలేసి, తడి చేతులతోనే వంటింట్లోకి వెళ్ళాను. వదిన కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది.

"పిల్లాణ్ణి కొట్టారా?" అన్నాను.

ఆవిడ తలెత్తలేదు. "కొట్టాను."

"ఎంత ధైర్యమండీ మీకు! నేను కన్నాను, నేనే చెయ్యి చేసుకోను. మీరెవరు కొట్టడానికి? ఇదేమన్నా హాస్టలనుకున్నారా? మీ చేతికి నా బిడ్డనిస్తే, వాడికి నీళ్ళంటేనే భయం పుట్టించారు! బడిలో వాడి డబ్బా లాక్కుని పస్తు పెడుతున్నా నాకు చెప్పలేదు! ఇన్నాళ్ళూ తలుపులు బాదుతుంటే ఊరుకున్నాను, చెప్పులు సర్దుతుంటే ఊరుకున్నాను..." గొంతు నాది కాదన్నట్టు లేస్తోంది. ఆఫీసులో మింగినదంతా కలిపి బయటికొస్తోంది. చిరునవ్వు అక్కర్లేదు, సార్ అక్కర్లేదు. ప్రాణానికి ఎంత సుఖంగా ఉందో చెప్పలేను.

మా ఆయన కళ్ళు నులుముకుంటూ వచ్చాడు. "ఏమైంది? చూద్దాంలే, ముందు ఇద్దరూ..."

"చూద్దాంలే అన్నారంటే మర్యాదగా ఉండదు" అన్నాను. ఆయన అక్కడే ఆగిపోయాడు.

"ఏమన్నాడని కొట్టారు? పసివాడు. ఏమని ఉంటాడు?"

వదిన చాకు పక్కన పెట్టింది. చీరకొంగుతో చేతులు తుడుచుకుంది. "ఇక్కడ చెప్పను" అంది. "మీ ఇంట్లో మాటలు నీళ్ళ దగ్గరేగా చెప్పుకుంటారు. వాడు నాకు చెప్పాడు ఆ రూలు. పద."

గోడ పట్టుకుని, ఆ అరిగిన మోకాలితోనే స్నానాల గదిలోకి నడిచింది. నా స్టూలు మీద కూర్చుంది. తొట్టిలో నీళ్ళింకా చల్లారలేదు. చెయ్యి మణికట్టు దాకా ముంచింది. కప్పగాడు తువ్వాలు ఈడ్చుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వాడి కళ్ళు ఆవిడ మీద నుంచి నా మీదకీ, నా మీద నుంచి ఆవిడ మీదకీ తిరుగుతున్నాయి.

"చెయ్యి పెట్టాను" అంది వదిన. "ఇక నువ్వు నన్నేమీ అనకూడదు. అంతేనా రా?"

వాడు తలూపాడు.

"మొదటిరోజు నీళ్ళు పోస్తుంటే వీడు నన్ను అడిగాడు. 'అత్తా, నీళ్ళలో తిట్లుండవు, నీకు తెలుసా?' అని. తెలియదమ్మా చెప్పు అన్నాను. 'నీకు ఇల్లూ వాకిలీ లేదా? అందుకేనా మా నెత్తిన కూర్చున్నావు? పీడంటే నువ్వేనా?' అన్నాడు. నవ్వుతూనే అడిగాడు వెధవ. ఎవర్రా అన్నారు అంటే, అమ్మ అంది, నీళ్ళలో, అన్నాడు."

అక్షరం పొల్లు పోలేదు. అవి నా మాటలే. ఇల్లూ వాకిలీ, నెత్తిన కూర్చోవడం, పీడ. గరిటెతో తలుపు కొట్టి వెళ్ళిన ఒక సాయంత్రం, వాడి తల మీద నీళ్ళు పోస్తూ నేనన్న మాటలే. పీడంటే ఏంటమ్మా అని వాడు అడగడం కూడా గుర్తొచ్చింది. తల వంచు, కళ్ళల్లో సబ్బు పడుతుంది అన్నాను.

మా ఆయన నా వైపు చూశాడు. చూద్దాంలే అనలేదు.

"చెయ్యి లేచింది" అంది వదిన. "హాస్టల్లో ఎన్ని వేషాలు వేసినా ఒక్కపిల్ల మీద లేవని చెయ్యి, వీడి మీద లేచింది. అది నా తప్పే, కాదనను. నీ మీద ఎత్తాల్సింది వాడి మీద ఎత్తాను. ఆ రాత్రి నుంచి నీకు అన్నం పెడుతూ అడుగుదామనుకున్నాను, నోరు రాలేదు. ఇప్పుడు చెప్తున్నాను విను. నువ్వు వాడికి స్నానం చేయిస్తున్నానని అనుకుంటున్నావు. కాదు. వాడే నీకు చేయిస్తున్నాడు. రోజంతా ఒంటికి పట్టిన మురికంతా తెచ్చి వాడి చెవుల్లో కడుక్కుంటున్నావు. నీకు హాయిగానే ఉంటుంది, ఎందుకుండదు? ఆ మురికినీళ్ళు ఎక్కడికి పోతున్నాయో ఎప్పుడైనా చూశావా? నేను చూశాను. నేను కలిపిన అన్నం తినాలంటే వీడు నా మొహం చూడలేక కంచంలోకి చూసేవాడు."

నాకు ఎంత కోపం వచ్చిందో ఏం చెప్పను! ఆవిడ అబద్ధం చెప్పి ఉంటే ఇంత కోపం వచ్చేది కాదు. జవాబులన్నీ నాలుక మీద సిద్ధంగా ఉన్నాయి. రోజంతా తిట్లు తిన్న మనిషికి ఇంట్లో ఒక్కరితోనైనా చెప్పుకునే హక్కు లేదా? మీరు తలుపు కొట్టకపోతే నేను అనేదాన్నా? పసివాడి మీద చెయ్యి చేసుకున్న మీరా నాకు నీతులు చెప్పేది? ఒక్కొక్కటీ పదునుగా ఉంది. ఒక్కటి వదిలితే చాలు, ఆవిడ ఆ రాత్రే బట్టలు సర్దుకుంటుంది.

"అమ్మా" అన్నాడు కప్పగాడు. "నీకు కోపం వచ్చిందా?"

"వచ్చింది."

"చాలా?"

"చాలా."

"అత్తని తిడతావా?"

తువ్వాలు రెండు చేతులతో పట్టుకుని నా నోటికేసే చూస్తున్నాడు. వాడు నన్ను అడుగుతున్నది వాళ్ళ అత్త గురించి కాదు. ఆ రూలు ఇంకా ఉందా, ఊడిందా అని అడుగుతున్నాడు. ఉందంటే రేపు డబ్బా సంగతి చెప్తాడు. ఊడిందంటే ఇక ఎప్పటికీ చేతులెత్తుకుని "అన్నీ బాగున్నాయి" అంటాడు.

"నీళ్ళలో తిట్లుండవు" అన్నాను. పళ్ళు పటపట కొరుక్కుంటూనే అన్నాను. ఆఫీసులో రోజూ మింగే మాటలు వేరు. ఇవి మింగుతుంటే గొంతు కోసుకుపోయింది.

వాడు తువ్వాలుతో సహా తొట్టిలోకి దిగి కూర్చున్నాడు. నీళ్ళు పొంగి వదిన చీర తడిసింది. ఆవిడ కదల్లేదు.

"అయితే నేనొకటి చెప్పనా?"

"చెప్పు నాన్నా."

"నువ్వు నాకు కోపం మాటలు చెప్పొద్దు. బయట ఎవరికీ చెప్పకూడదంటావు కదా. అన్నీ దాచుకోవాలంటే నాకు కష్టంగా ఉంది."

నేను తలుపుకి ఆనుకుని అలాగే నిలబడ్డాను. ఆఫీసు మీద, సూపర్‌వైజర్ మీద, చొక్కా ఇరుక్కున్నాయన మీద, నురగలో పాప బొమ్మ వేసినావిడ మీద, వదిన మీద నాకున్న కోపమంతా ఉన్నచోటే ఉంది, ఇసుమంతైనా తగ్గలేదు. దాన్ని పొయ్యడానికి చోటే లేకుండా పోయింది. "సరే" అన్నాను.

వదిన మగ్గు తీసుకుంది. తడిసి బరువెక్కిన తువ్వాలు వాడి భుజాల మీద నుంచి తీసి, వీపు మీద మెల్లగా నీళ్ళు పోసింది.

"నీ డబ్బా లాక్కుంటున్నది ఎవర్రా?" అంది.

వాడు నా వైపు చూశాడు. నేను నోరు మూసుకున్నాను.

వాడు చెప్పడం మొదలుపెట్టాడు.